ఆపరేషన్ థియేటర్ మాటలు, ఒక్కో మాట వెనుక ఉన్న ప్రమాదం

తిరుపతిలో ఆపరేషన్ థియేటర్ నర్సుగా పని చేస్తున్న నాకు, కొత్తగా డ్యూటీలో చేరే జూనియర్లకు పని నేర్పించే బాధ్యత కూడా ఉంది. నర్సింగ్ కాలేజీలో వాళ్లు ఈ విషయాలన్నీ చదివే వస్తారు. ప్రీ ఆపరేటివ్, ఇంట్రా ఆపరేటివ్, పోస్ట్ ఆపరేటివ్ అని మూడు దశలు రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లే. అయినా ఆ మాటలు నిర్వచనాలుగా మాత్రమే గుర్తుండడం వల్ల, కేసులు ఎక్కువగా ఉన్న రోజున ఏ పనిని ఎంత మాత్రం వదలకూడదో, ఏ పని కాసేపు ఆగినా ఫరవాలేదో తేల్చుకోలేక తడబడతారు. నేను వాళ్లకు ఎప్పుడూ చెప్పేది ఒక్కటే. థియేటర్‌లో వాడే దాదాపు ప్రతి మాటా ఎక్కడో ఒక రోగికి జరిగిన హాని మరొకరికి జరగకుండా ఆపడానికే వచ్చింది. ఆ హాని ఏమిటో తెలిసినవాళ్లు ఆ మాటను మరిచిపోరు, ఆ పనిని వదలరు. రోగుల తాలూకు వాళ్లు చదివినా ఉపయోగపడాలన్న కోరికతో ఈ వ్యాసం రాస్తున్నాను.

శస్త్రచికిత్స చేయాలని నిర్ణయించిన క్షణం నుంచి రోగిని థియేటర్ టేబుల్ మీదికి చేర్చేవరకు ప్రీ ఆపరేటివ్ దశ, అక్కడి నుంచి రికవరీ గదికి అప్పగించేవరకు ఇంట్రా ఆపరేటివ్ దశ, ఆ తరువాత రోగి పూర్తిగా కోలుకునేవరకు పోస్ట్ ఆపరేటివ్ దశ. ఈ మూడింటినీ కలిపి పెరిఆపరేటివ్ అంటారు. ఆపరేషన్ ఎంత తొందరగా చేయాలన్నదాన్ని బట్టి ఎలెక్టివ్, అర్జెంట్, ఎమర్జెన్సీ అన్న విభజన ఉంది. హెర్నియాకు తేదీ చూసుకుని రావచ్చు. పేగు మెలిపడిన మనిషికి ఆ అవకాశం లేదు. ఈ విభజన నర్సుకు ఎందుకు ముఖ్యమంటే, ఎమర్జెన్సీ కేసులో రోగి కడుపు ఖాళీగా ఉండదని, రక్త పరీక్షలు అన్నీ పూర్తికావని ముందే అనుకుని సిద్ధపడాలి.

కడుపు ఖాళీ అన్న విషయం దగ్గరే కాసేపు ఆగుతాను, ఎందుకంటే మా ఊళ్లో అన్నిటికంటే ఎక్కువ అపార్థం జరిగేది ఇక్కడే. కేస్ షీటులో ఎన్‌పీఓ అని రాస్తారు, నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదని దాని భావం. మత్తు ఇచ్చినప్పుడు మింగడం, దగ్గడం వంటి రక్షణ చర్యలు ఆగిపోతాయి. కడుపులో ఉన్నది పైకి తన్నుకు వస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దీనినే ఆస్పిరేషన్ అంటారు. ప్రసవ సమయంలో మత్తు తీసుకున్న స్త్రీలకు ఇలా జరగడాన్ని మెండెల్సన్ అనే అమెరికన్ వైద్యుడు 1946లో వివరంగా నమోదు చేశాడు, ఆ తరువాత ఖాళీ కడుపు నియమం ప్రపంచమంతటా గట్టిపడింది. ఇప్పుడు ఎక్కువగా పాటించే లెక్క ఇది: మంచినీళ్లవంటి పారదర్శకమైన ద్రవాలకు 2 గంటలు, తల్లిపాలకు 4 గంటలు, పాలకూ తేలికపాటి భోజనానికీ 6 గంటలు, నూనె, నెయ్యి, మాంసం ఉన్న ఆహారానికి 8 గంటలు లేక అంతకన్నా ఎక్కువ. పాలు కలిపిన కాఫీ ద్రవమే అయినా నీళ్ల లెక్కలోకి రాదు.

కొండమీది నుంచి తెల్లవారుజామున దిగివచ్చిన బంధువులు ఆపరేషన్ క్షేమంగా జరగాలని రోగి నోట్లో చిన్న లడ్డూ ముక్క పెడతారు. "ఏమైనా తిన్నావా పెద్దాయనా?" అని అడిగితే, ఆయన నిజాయితీగానే "ఏమీ తినలేదమ్మా" అంటాడు, ఎందుకంటే ప్రసాదం పుచ్చుకోవడం ఆయన దృష్టిలో తినడం కాదు. కానీ లడ్డూలో ఉన్నది నెయ్యి, శనగపిండి, చక్కెర, జీడిపప్పు. కడుపుకు అది 8 గంటల ఆహారమే. అందువల్ల తిరుపతిలో పని చేసే నర్సు "తిన్నారా?" అని మాత్రమే అడిగితే సరిపోదు, "ప్రసాదం, తీర్థం, కాఫీ, వక్కాకు, మాత్ర, ఏదైనా సరే నోట్లో వేసుకున్నారా, ఎన్ని గంటలకు?" అని విడివిడిగా అడగాలి. భక్తిని తప్పుపట్టకుండా, ప్రసాదాన్ని దాచి ఉంచి డాక్టరు అనుమతించాక ఇస్తామని చెబితే నొచ్చుకునేవాళ్లను నేను చూడలేదు. దీనికి రెండో వైపు కూడా ఉంది. మధ్యాహ్నం 2 గంటలకు పెట్టుకున్న కేసుకు కూడా ముందురోజు రాత్రి నుంచి నీటిచుక్క ఇవ్వకుండా ఉంచడం మంచి అలవాటు కాదు. వృద్ధులు, మధుమేహం ఉన్నవాళ్లు, చిన్నపిల్లలు దానివల్ల నీరసించిపోతారు. మత్తు డాక్టరును అడిగి, ఎన్ని గంటలవరకు నీళ్లు ఇవ్వవచ్చో కేస్ షీటులో రాయించుకోవడం నర్సు చేయవలసిన పని.

కన్సెంట్ అన్నది సంతకం పేరు కాదు, రోగి అర్థం చేసుకుని ఒప్పుకోవడం. ఒక చికిత్సకు ఇచ్చిన అంగీకారం మరో చికిత్సకు చెల్లదని, ప్రాణాన్నో ఆరోగ్యాన్నో కాపాడడానికి ఆలస్యం చేయడం తగని పరిస్థితి మాత్రమే దీనికి మినహాయింపని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో స్పష్టంగా చెప్పింది. వివరించవలసినది సర్జన్, అయితే రోగికి అర్థమైందా లేదా అన్నది ముందుగా తెలిసేది పక్కన నిలబడిన నర్సుకే. చిత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్లలో తమిళం మాత్రమే బాగా తెలిసినవాళ్లుంటారు, యాత్రకు వచ్చి జబ్బుపడిన కన్నడిగులు ఉంటారు. తెలుగులో చెప్పి తల ఊపించుకోవడం కన్సెంట్ అనిపించుకోదు. వాళ్ల భాష తెలిసినవాళ్లను పిలిపించాలి, అదీ మత్తు కలిగించే మందు ఇవ్వకముందే.

రోగిని సిద్ధం చేసేటప్పుడు నగలు తీయించడం చాలా ఇళ్లలో బాధ కలిగించే విషయం. తాళి, మెట్టెలు, మొలతాడు, కాశీదారం, వీటి విలువ తెలియని నర్సు మా ప్రాంతంలో ఉండదు. అయినా ఎందుకు తీయమంటామో చెప్పాలి. ఆపరేషన్‌లో రక్తస్రావాన్ని ఆపడానికి వాడే డయాథర్మీ అనే విద్యుత్ పరికరం నుంచి వచ్చే ప్రవాహం లోహం తగిలిన చోట చర్మాన్ని కాల్చే అవకాశం ఉంది. చేతులు, కాళ్లు వాచినప్పుడు ఉంగరాలు, మెట్టెలు రక్తప్రసరణను బిగించేస్తాయి. తాళి తీయడానికి మనసు ఏమాత్రం ఒప్పుకోనివారి విషయంలో, అది ఆపరేషన్ చేసే చోటికి దూరంగా ఉంటే, ప్లాస్టర్‌తో కప్పి ఉంచవచ్చా అని సర్జన్‌ను, మత్తు డాక్టరును అడగడంలో తప్పులేదు. గోళ్ల రంగు, ముదురు గోరింటాకు కూడా చూడాలి, వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ వెలుతురు ఆధారంగా ఆక్సిజన్‌ను కొలుస్తుంది కాబట్టి.

ఎముక విరిగినవాళ్లలో కొందరు ముందుగా నాటువైద్యపు ఎముకల కట్టుకు పేరున్న పుత్తూరు వెళ్లి కట్టు కట్టించుకుని, నొప్పి తగ్గకపోతేనో వంకర కనిపిస్తేనో ఆసుపత్రికి వస్తారు. వాళ్లను మందలించడం వల్ల ఒరిగేదేమీ లేదు. నర్సు చేయవలసింది కట్టు విప్పాక చర్మం మొత్తాన్ని వెలుతురులో పరిశీలించడం. బొబ్బలు, పుండ్లు, ఒరుసుకుపోయిన చోట్లు ఉంటే సర్జన్‌కు వెంటనే చెప్పాలి, వేళ్ల రంగు, స్పర్శ, కదలిక రాసి ఉంచాలి. చెడిన చర్మం మీదుగా కోత పెడితే లోపల అమర్చే ప్లేటుకు ఇన్ఫెక్షన్ చేరవచ్చు. వెంట్రుకల విషయంలోనూ కారణం ఇదే. బ్లేడుతో గీస్తే కంటికి కనిపించనంత చిన్న గాట్లు పడి, వాటిలో సూక్ష్మక్రిములు పెరుగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాలు అవసరమైతే క్లిప్పర్‌తో మాత్రమే తీయమంటున్నాయి. తలనీలాలు ఇచ్చి వచ్చిన మనిషికి తల మీద ఆపరేషన్ ఉంటే, క్షవరం గాట్లు ఉన్నాయేమోనని తప్పక చూడండి.

ఇక థియేటర్ లోపలికి వద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన సర్జికల్ సేఫ్టీ చెక్‌లిస్టులో 19 అంశాలు ఉన్నాయి. అవి మూడు చోట్ల ఆగి అడిగేవి: మత్తు ఇవ్వకముందు సైన్ ఇన్, కోత పెట్టకముందు టైమ్ అవుట్, రోగి థియేటర్ విడిచి వెళ్లకముందు సైన్ అవుట్. న్యూఢిల్లీతో సహా 8 నగరాల ఆసుపత్రుల్లో దీన్ని పరీక్షించి 2009లో ప్రచురించిన ఫలితాల ప్రకారం మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి, ఆపరేషన్ అనంతర ఇబ్బందులు నూటికి 11 నుంచి 7కు తగ్గాయి. కొత్త యంత్రమేదీ లేకుండా, గట్టిగా చదివి జవాబు చెప్పడం ద్వారా సాధించిన ఫలితం ఇది. అందుకే టైమ్ అవుట్ సమయంలో మాట్లాడకుండా తల ఊపేవాళ్లను, ఆపరేషన్ అయ్యాక కాగితం మీద ఒకేసారి టిక్కులు పెట్టేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది.

"అదే పేరు ఎన్నిసార్లు అడుగుతారు సిస్టర్?" అని రోగులు విసుక్కుంటారు. వార్డులో అడుగుతారు, థియేటర్ తలుపు దగ్గర అడుగుతారు, టేబుల్ మీద మళ్లీ అడుగుతారు. మా వార్డుల్లో ఒకే రోజు ఇద్దరు వెంకటేశ్వర్లు, ముగ్గురు పద్మావతమ్మలు ఉండడం వింత కాదు. మునెమ్మ, మునిరత్నం, శ్రీనివాసులు అనే పేర్లు కూడా అంతే. "మీరు మునెమ్మే కదా?" అని అడగకూడదు. సరిగా వినిపించని ముసలమ్మ, మందు మగతలో ఉన్న మనిషి దేనికైనా "ఆ" అంటారు. "మీ పేరేమిటమ్మా, ఏ ఊరు, ఏ ఆపరేషన్‌కు వచ్చారు, ఏ పక్క?" అని అడిగి, వాళ్ల నోటితోనే చెప్పించి, చేతి పట్టీ మీది నంబరుతో, కేస్ షీటుతో సరిచూడాలి. కుడి ఎడమల తేడా ఉన్న ఆపరేషన్‌కు సర్జన్ స్వయంగా చర్మం మీద గుర్తు పెట్టాలి, ఆ గుర్తు గుడ్డలు కప్పాక కూడా కనిపించాలి.

థియేటర్‌లో నర్సులు రెండు విధాలుగా పని చేస్తారు. చేతులు శుద్ధి చేసుకుని, గౌను, గ్లోవులు ధరించి పరికరాలు అందించేవారు స్క్రబ్ నర్సు. బయట తిరుగుతూ సామగ్రి ఇచ్చేవారు, రికార్డు రాసేవారు, గది మొత్తాన్ని గమనించేవారు సర్క్యులేటింగ్ నర్సు. జూనియర్లు మొదటిదాన్నే పెద్ద పనిగా భావిస్తారు, నా అభిప్రాయం వేరు. స్క్రబ్ నర్సు చూపు గాయం మీద ఉంటుంది. రోగి కాలు టేబుల్ అంచుకు ఒత్తుకుపోతోందా, రోగి చర్మానికి అంటించే డయాథర్మీ ప్లేటు ఊడిపోయిందా, ఎవరి గౌను దేనికి తగిలింది, స్పిరిట్ కలిసిన ద్రావణం ఆరకముందే డయాథర్మీ వాడబోతున్నారా, ఇవన్నీ కనిపించేది సర్క్యులేటింగ్ నర్సుకు. ఆ ద్రావణం తడిగా ఉండగా నిప్పురవ్వ పడితే గుడ్డల కింద మంట అంటుకోవచ్చు.

క్రిమిరహితం చేసిన గుడ్డలు పరిచి, క్రిమిరహితమైన వస్తువులు మాత్రమే ఉంచే ప్రదేశమే స్టెరైల్ ఫీల్డ్. ఇందులో సగం అన్న మాట లేదు, అనుమానం వచ్చిన వస్తువును తీసివేయవలసిందే. గౌను ముందు భాగంలో ఛాతీ నుంచి టేబుల్ ఎత్తు వరకు, చేతులు మోచేతికి 2 అంగుళాల పైవరకు మాత్రమే స్టెరైల్‌గా లెక్కిస్తారు, వీపు ఎప్పటికీ కాదు. పరికరాలను ఆవిరితో క్రిమిరహితం చేసే యంత్రమైన ఆటోక్లేవ్‌లో ఆవిరి 121 డిగ్రీల సెల్సియస్ వద్ద కనీసం 15 నిమిషాలు పరికరాల చుట్టూ నిండాలి. మూట బయట టేపు మీద గీతలు నల్లబడడం ఆ మూటకు వేడి తగిలిందని మాత్రమే చెబుతుంది, లోపలి వస్తువు శుద్ధమైందని హామీ ఇవ్వదు కాబట్టి లోపలి ఇండికేటర్‌ను కూడా చూడాలి, తడిసిన మూటను వాడకూడదు.

ఆపరేషన్‌లో రబ్బరు గ్లోవులు రావడానికి కారణం ఒక నర్సు అన్న సంగతి చాలామందికి తెలియదు. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో కరోలిన్ హాంప్టన్ అనే థియేటర్ నర్సు చేతులు అప్పట్లో వాడే పాదరసపు ద్రావణం వల్ల పుండ్లు పడ్డాయి. సర్జన్ విలియం హాల్‌స్టెడ్ 1889 చలికాలంలో గుడ్‌ఇయర్ కంపెనీతో పల్చటి రబ్బరు తొడుగులు చేయించారు. నర్సు చర్మాన్ని కాపాడడానికి వచ్చిన ఆ తొడుగులే తరువాత రోగిని ఇన్ఫెక్షన్ నుంచి కాపాడాయి.

ఇప్పుడు కౌంట్ గురించి. థియేటర్ నర్సు పనిలో నాకు అన్నిటికన్నా పవిత్రంగా అనిపించేది ఇదే. కడుపు తెరిచినప్పుడు రక్తాన్ని అద్దడానికి వాడే గుడ్డలను మేము మాప్‌లు అంటాం. రక్తంలో నానిన మాప్ పేగుల మధ్య ఉంటే పక్కనే చూస్తున్నా కనిపించదు. లోపల మరిచిపోయిన గుడ్డ వల్ల ఏర్పడే గడ్డకు గాసిపిబోమా అనే పేరు కూడా ఉంది, నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి నొప్పితో తిరిగాక బయటపడుతుంది. దీన్ని ఆపేది లెక్క ఒక్కటే. కోతకు ముందు ఒకసారి, పొట్ట లోపలి పొర మూయకముందు ఒకసారి, చర్మం కుట్టేటప్పుడు మరోసారి, డ్యూటీ మారితే అప్పుడూ, స్క్రబ్ నర్సు, సర్క్యులేటింగ్ నర్సు ఇద్దరూ కలిసి, పైకి వినిపించేటట్టు, మాప్‌లు, సూదులు, బ్లేడ్లు, పరికరాలు లెక్కపెట్టాలి. కొత్త కట్ట విప్పిన ప్రతిసారీ లెక్కించి బోర్డు మీద రాయాలి. కట్టలో ఒకటి తక్కువగా వస్తే మొత్తం కట్టనే పక్కన పెట్టాలి తప్ప, ఆ సంఖ్యకు సర్దుకోకూడదు. మాప్‌ను కత్తిరించి వాడకూడదు. ఎక్స్‌రేలో కనిపించే దారం ఉన్న మాప్‌లే కడుపులోకి వెళ్లాలి. చివరి లెక్క తేలేవరకు చెత్తబుట్ట కూడా గది దాటకూడదు.

లెక్క తేడా వస్తే, సర్జన్ ఎంత పెద్దవారైనా, రాత్రి ఎంత పొద్దుపోయినా, "సార్, ఒక మాప్ తక్కువ ఉంది, మూయొద్దు" అని స్పష్టంగా చెప్పాలి. గాయంలో, గుడ్డల మడతల్లో, నేల మీద, బుట్టలో వెతకాలి, దొరకకపోతే రోగి టేబుల్ మీద ఉండగానే ఎక్స్‌రే తీయాలి. కొత్త నర్సుకు ఆ మాట గొంతులోనే ఆగిపోతుందని నాకు తెలుసు. అందువల్ల నేను జూనియర్లతో ఆ వాక్యాన్ని ముందుగానే బిగ్గరగా అనిపిస్తాను.

ఆపరేషన్ పేర్లను బెదిరిపోకుండా చదవడానికి చివరి అక్షరాలు చాలు. ఎక్టమీ అంటే తొలగించడం, ఆటమీ అంటే కోసి తెరవడం, ఆస్టమీ అంటే బయటికి ద్వారం ఏర్పరచడం, ప్లాస్టీ అంటే సరిచేయడం, స్కోపీ అంటే గొట్టంతో లోపలికి చూడడం. కొలెక్టమీకి, కొలాస్టమీకి ఒక్క అక్షరమే తేడాలా వినిపిస్తుంది, కానీ మొదటిది పెద్దపేగు తీసివేయడం, రెండోది పొట్ట మీద మలద్వారం ఏర్పరచడం. ఆ రోగి జీవితం ఎలా మారబోతోందో కుటుంబానికి ముందే తెలియాలి. రోగిని పడుకోబెట్టే తీరును పొజిషన్ అంటారు. వెల్లకిలా సుపైన్, బోర్లా ప్రోన్, కాళ్లు పైకెత్తి లిథాటమీ. చేతిని శరీరం నుంచి 90 డిగ్రీలకు మించి చాచితే భుజం దగ్గరి నరాలు సాగి, మెలకువ వచ్చాక చెయ్యి పనిచేయకపోవచ్చు.

రికవరీ గదిలో మొదటి గంట ఎంతో జాగ్రత్తగా చూసుకోవలసిన సమయం. మగతలో నాలుక వెనక్కి జారి శ్వాసకు అడ్డుపడవచ్చు, కుట్ల కింద రక్తం కారుతుండవచ్చు, బీపీ పడిపోవచ్చు. రోగి మత్తు నుంచి ఎంత తేరుకున్నాడో కొలవడానికి ఇక్కడ వాడే ఆల్‌డ్రెట్ స్కోరు 1970 నుంచి ఉంది. కదలిక, శ్వాస, రక్తప్రసరణ, స్పృహ, ఆక్సిజన్, ఒక్కోదానికి 2 చొప్పున మొత్తం 10. సాధారణంగా 9 వస్తేనే వార్డుకు పంపుతారు. "మా నాన్న కళ్లు తెరిచాడు కదా, ఎందుకు పంపరు?" అని బయట ఎదురుచూసే కొడుకుకు ఈ సంగతి ఓపికగా చెప్పాలి. వార్డుకు అప్పగించేటప్పుడు ఏ ఆపరేషన్ జరిగింది, ఎంత రక్తం పోయింది, గాయంలోని ద్రవాన్ని బయటికి తీసే గొట్టాలు, అంటే డ్రెయిన్లు ఎన్ని, చివరిగా నొప్పి మందు ఎప్పుడు ఇచ్చారు, మూత్రం వచ్చిందా అన్నవి నోటితో చెప్పి, రాసి ఇవ్వాలి. వెన్నులో మత్తు ఇచ్చినవారికి మూత్రం బిగిసిపోవడం సాధారణం, ఉబ్బిన పొత్తికడుపును చేత్తో తడిమి చూడడం మరవద్దు.

ఇంటికి వెళ్లాక మా జిల్లాల్లో పథ్యం పేరిట జరిగేది నన్ను చాలా కలవరపెడుతుంది. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు తింటే గాయం మానదని, నీళ్లు ఎక్కువ తాగితే కుట్లు నానుతాయని చెప్పి, రోగికి కారప్పొడి అన్నమో, బ్రెడ్డో పెడతారు. చీము పట్టించేది సూక్ష్మక్రిములు, పప్పు కాదు. గాయం మానడానికి కావలసిన మాంసకృత్తులు పప్పులో, గుడ్డులో, పాలలో, పెరుగులోనే ఉన్నాయి. డాక్టరు ప్రత్యేకంగా వద్దన్నవి తప్ప అన్నీ పెట్టమని డిశ్చార్జి రోజున రోగికి మాత్రమే కాక, ఇంట్లో వండే అత్తగారికో, అమ్మకో ఎదురుగా కూర్చుని చెప్పాలి, ఎందుకంటే నిర్ణయం వాళ్లదే. కదలకుండా పడుకోబెట్టడం కూడా మంచిది కాదు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా, ఊపిరితిత్తుల్లో కఫం చేరకుండా ఉండాలంటే డాక్టరు చెప్పిన రోజు నుంచే లేచి నడవాలి.

కుట్లు విప్పే సమయం ముఖానికి దాదాపు 5 రోజులు, పొట్టకు 7 నుంచి 10, చేతులు కాళ్లకు 10 నుంచి 14 రోజులు. ఈలోగా జ్వరం వచ్చినా, గాయం చుట్టూ ఎర్రబడి వేడిగా ఉన్నా, చీమో దుర్వాసనో కనిపించినా, పిక్క వాచి నొప్పి పుట్టినా, ఊపిరి ఆడకపోయినా తేదీ కోసం ఆగకుండా వెంటనే రావాలి. ఈ లక్షణాలను, కుట్ల తేదీని, ఫోన్ చేయవలసిన నంబరును రోగి ఇంటివాళ్లు చదవగలిగే భాషలో, తెలుగైతే తెలుగులో, తమిళమైతే తమిళంలో, పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చి, ఒకసారి వాళ్ల చేత చదివించుకున్నాకే డిశ్చార్జి కాగితం చేతికివ్వండి.